సెమినార్‌లో "నేను నేను కాదు" అనిపిస్తుంది, దీన్ని కొలవడం ఎలా?

చిత్తుకాగితం
విశాఖలో పీహెచ్‌డీ చేస్తున్నాను, బోటనీ. నలుగురి ముందు మాట్లాడాల్సి వస్తే నాకు ఒకటి జరుగుతుంది, దానికి పేరు ఏం పెట్టాలో కూడా తెలియదు. మొదటి స్లైడ్ వరకూ చేతులు వణకడం, నోరెండిపోవడం, మామూలు టెన్షనే. రెండో స్లైడ్‌కి వచ్చేసరికి ఎవరో స్విచ్ ఆపినట్టు అంతా ఆగిపోతుంది. నా గొంతు వరండాలోంచి వినిపిస్తున్నట్టు ఉంటుంది. పాయింటర్ పట్టుకున్న చెయ్యి ఎవరిదో. ఎదురుగా కూర్చున్న వాళ్ళ మొహాలు క్యాలెండర్ మీది బొమ్మల్లా చదునుగా కనిపిస్తాయి. మాటలు మాత్రం వచ్చేస్తూనే ఉంటాయి, తప్పులు కూడా ఉండవు. అయిపోయాక మా గైడ్ "భలే ధైర్యంగా మాట్లాడావమ్మా" అంటారు. నాకేమో అసలు మాట్లాడినట్టే గుర్తుండదు, ఎవరో మాట్లాడుతుంటే చూసినట్టు ఉంటుంది.

కౌన్సెలర్ దగ్గరికి వెళ్తే ఒక కాగితం ఇచ్చారు. సెమినార్‌కి ముందు, మధ్యలో, తర్వాత ఆందోళన 0 నుంచి 100లో ఎంతో రాయమన్నారు. 80, 15, 60 అని రాశాను. "చూశారా, మధ్యలో 15కి పడిపోయింది, అంటే మీరు అలవాటు పడుతున్నారు" అని ఆవిడ సంతోషించారు. కానీ నాకు భయం వేసేదే ఆ 15 చూసి! ఆ 15లో నేను లేను. ఈ సంగతి ఏ అంకెలో రాయాలి?

గోదారిగట్టు
నా పెళ్ళిలో జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు సరిగ్గా ఇదే. వీడియోలో చూస్తే నవ్వుతూనే ఉన్నా. ఆ పూట మా ఆవిడ ఎవర్ని పెళ్ళి చేసుకుందో నాకిప్పటికీ అనుమానమే.

ఉప్పుచేప
మైకు ముందు అందరికీ ఉండేదే ఇది. ముందు రోజు బాగా నిద్రపోయి, కాఫీ తగ్గించి, గ్లాసుడు మంచినీళ్ళు తాగి వెళ్ళండి. దీనికో పేరూ, పేరుకో కొలతా ఎందుకు?

చిత్తుకాగితం
@ఉప్పుచేప నీళ్ళు తాగానండీ. గ్లాసు పట్టుకున్న చెయ్యి కూడా నాది కాదు.

సగం_సైకాలజీ
క్లినికల్ సైకాలజీ ట్రైనీని. ఆఖరి సంవత్సరం, అందుకే హ్యాండిల్‌లో సగం.

దీనికి పేరుంది, డీపర్సనలైజేషన్. తన నుంచి తాను విడిపోయినట్టు ఉండటం. క్యాలెండర్ బొమ్మల సంగతి దాని తోడబుట్టిందే, డీరియలైజేషన్ అంటారు, చుట్టూ ఉన్న లోకం నిజం కానట్టు ఉండటం. మొదటి మాటను 1898లో లుడోవిక్ దుగా అనే ఫ్రెంచాయన వాడుకలోకి తెచ్చాడు, అంటే కొత్త జబ్బేమీ కాదు. పానిక్ అటాక్‌కి (ఉన్నట్టుండి ముంచుకొచ్చే భయం) మానసిక వైద్యులు జబ్బుల్ని గుర్తించడానికి వాడే డీఎస్ఎమ్-5 అనే పుస్తకంలో 13 లక్షణాలు ఉంటే అందులో ఈ రెండూ కలిపి ఒకటి. అంటే ఆందోళనకు దీనితో చుట్టరికం ఉందని పుస్తకమే ఒప్పుకుంటోంది.

ఇక కొలత. ఎక్కువగా వాడేది కేంబ్రిడ్జ్ డీపర్సనలైజేషన్ స్కేల్, 2000లో సియెర్రా, బెర్రియోస్ ప్రచురించారు. 29 ప్రశ్నలు. గొంతు పరాయిగా వినిపించడం, మరమనిషిలా అనిపించడం, చూసేది బొమ్మలా చదునుగా ఉండటం, అయినవాళ్ళ మీద ప్రేమ కూడా తెలియకపోవడం, ఇలా ఉంటాయి. ప్రతి ప్రశ్నకీ ఎంత తరచుగా వస్తుందో 0 నుంచి 4, వచ్చాక ఎంతసేపు ఉంటుందో 1 నుంచి 6. మొత్తం 290. 70 దాటితే జాగ్రత్తగా చూడాలన్నట్టు.

చిక్కేంటంటే అది గడిచిన ఆరు నెలల గురించి అడుగుతుంది. మీకు వచ్చేది సెమినార్‌లో పావుగంట. ఆరు నెలల్లో రెండు సెమినార్లంటే తరచుదనం తక్కువ, నిడివి తక్కువ. అందులో మీ మార్కు అన్యాయంగా చిన్నదిగా వస్తుంది. మీకు కావాల్సింది ఆ క్షణాన్ని కొలిచేది. అదే స్కేలుకి అలాంటి రూపం కూడా ఉంది, "ఇప్పుడు, ఈ నిమిషంలో" అని 0 నుంచి 100 గీత మీద గుర్తు పెట్టమంటుంది.

పాత_లెక్కల_మాస్టారు
ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పాను కాబట్టి అడుగుతున్నా, తప్పుగా అనుకోవద్దు. జ్వరాన్ని థర్మామీటర్ కొలుస్తుంది, అక్కడ పాదరసం ఉంది. ఇక్కడ ఏముంది? ఈ అమ్మాయి 60, ఆ గోదారి పెళ్ళికొడుకు 60 ఒకటేనా? 30 కంటే 60 రెండింతలా? కాదు కదా. అంకె వేసినంత మాత్రాన కొలత అయిపోదు నాయనా.

సగం_సైకాలజీ
మాస్టారూ, రెండింతలు కాదు, ఒప్పుకుంటాను. ఆవిడ 60ని గోదారి గారి 60తో పోల్చకూడదు. ఆవిడ మార్చి 60ని ఆవిడ జూన్ 60తో పోల్చుకోవచ్చు, మాకు కావాల్సింది చాలావరకు అదే. ఆ కౌన్సెలర్ ఇచ్చిన 0-100 కూడా జోసెఫ్ వోల్పే అనే మానసిక వైద్యుడి కాలం నుంచి అలాగే వాడుతున్నారు. ఎదుటివాళ్ళతో పోలికకి కాదు, మనిషిని తనతోనే పోల్చడానికి.

పాత_లెక్కల_మాస్టారు
సరే, సగం మార్కులు.

డల్లాస్‌లో_దోసకాయ
నాకూ ఉంది, రెండేళ్ళ నుంచి. ఆఫీసులో లేఆఫ్‌ల సీజన్‌లో మొదలైంది. పొద్దున్న టీమ్ కాల్‌లో నా వంతు రాగానే స్క్రీన్ మీద నా మొహం చిన్న పెట్టెలో కదులుతుంటుంది, దానికీ నాకూ సంబంధం లేనట్టు. మనం సాఫ్ట్‌వేర్ కదా, ఎక్సెల్ తెరిచాం. ఫోన్‌లో రోజుకి ఎనిమిది అలారాలు పెట్టుకుని, మోగినప్పుడల్లా "ఇప్పుడు ఎంత అవాస్తవంగా ఉంది" అని నంబరు కొట్టేవాణ్ణి. మొదటి వారం బాగానే ఉంది. రెండో వారం నుంచి అలారం మోగకపోయినా చూసుకోవడం మొదలైంది. నా చెయ్యి నాదేనా, గ్రోసరీలో ట్రాలీ తోస్తుంటే నేనేనా తోస్తోంది, అని. మూడో వారానికి సగటు 20 నుంచి 45కి ఎక్కింది. ఎక్సెల్ గ్రాఫ్ మాత్రం చాలా అందంగా వచ్చింది.

థెరపిస్ట్ తిట్టింది. కొలవడమే రోగాన్ని మేపుతోందని చెప్పి అలారాలన్నీ తీయించింది. కాబట్టి @చిత్తుకాగితం గారూ, కొలవండి గానీ రోజంతా కొలవకండి.

ఇంకోటి. చేతికి వాచ్ ఉంది కాబట్టి తెలిసింది, ఒకసారి మేనేజర్‌తో రివ్యూలో నాకు లోపల ఏమీ లేదు, రాయిలా ఉన్నా. తర్వాత చూస్తే ఆ ఇరవై నిమిషాలూ గుండె 118. గుండెకు భయమేసింది, నాకు చెప్పలేదు అంతే.

ఉప్పుచేప
గుండెకు భయమేసి మనకి చెప్పకపోవడం! ఈ లైను దొంగిలిస్తున్నా.

హరికథ_మనవడు
ఇక్కడ నాదొక అసమ్మతి. మా తాతది హరికథ, నాది పౌరాణిక నాటకం. కిరీటం పెట్టుకుని పద్యం ఎత్తుకున్నాక నేనుండను. రాగం తీస్తుంటే పక్కనుంచి వింటున్నట్టే ఉంటుంది. ఆ స్థితి కోసమే ఊళ్ళు తిరుగుతాం, దాన్ని జబ్బు స్కేలు మీద పెడితే ఎలా? నాకు మీ 29 ప్రశ్నలు ఇస్తే ఏ సగమో అవునంటాను. నేను రోగినా?

వేదాంతం_వెంకన్న
ఋషులు హిమాలయాల్లో కూర్చుని వెయ్యేళ్ళు తపస్సు చేసినా దొరకని సాక్షీభావం ఈ తల్లికి రెండో స్లైడ్‌కే దొరికింది. ఫీజు కట్టి పోగొట్టుకుంటోంది.

చిత్తుకాగితం
వెంకన్న గారూ, నవ్వొచ్చింది, కాదనను. కానీ ఋషులకి కావాలనుకుంటే వస్తుంది, వద్దనుకుంటే పోతుంది అనుకుంటా. నాకు హాస్టల్ గదికి వచ్చాక కూడా రెండు గంటలు పోదు. అమ్మ ఫోన్ చేస్తే అమ్మ గొంతు తెలుస్తుంది, అమ్మ అనిపించదు. దాన్ని మోక్షం అనలేను.

వేదాంతం_వెంకన్న
అమ్మ సంగతి రాశాక నాకూ నవ్వు ఆగిపోయిందమ్మా. క్షమించు.

సగం_సైకాలజీ
@హరికథ_మనవడు గారి ప్రశ్న బాగుంది. మనుషుల్లో చాలామందికి జీవితంలో ఎప్పుడో ఒకసారి, నిద్రలేనప్పుడో, యాక్సిడెంట్ తప్పినప్పుడో, క్షణకాలం ఇలా అవుతుంది. అది జబ్బు కాదు. జబ్బుగా చూసేది అది పదేపదే వచ్చి లేదా వదలకుండా ఉండి, బాధ పెట్టి, పనికి అడ్డమైనప్పుడు. స్కేలులో తరచుదనం ఉంది, నిడివి ఉంది, "దీనివల్ల నీకు ఎంత ఇబ్బంది" అన్న గడి లేదు. మీకు ఇబ్బంది సున్నా, ఆవిడకి తొంభై. అందుకే ఆ గడి విడిగా వేసుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, ఆ 15 గురించి. ఆందోళన తగ్గి 15 అవ్వడం వేరు, ఆందోళన తెలియకుండా పోయి 15 అవ్వడం వేరు. కాగితం మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. సియెర్రా, బెర్రియోస్‌లే 1998లో ఒక వాదన పెట్టారు, ఆందోళన ఒక హద్దు దాటితే మెదడు ముందు భాగం భావోద్వేగాల భాగాన్ని అణిచేస్తుందని, అంటే ఫ్యూజు కొట్టేసినట్టు. ఆ తర్వాత ఈ సమస్య ఉన్నవాళ్ళకి భయంకరమైన, అసహ్యమైన ఫొటోలు చూపించి చర్మం మీద చెమట స్పందన కొలిస్తే మామూలు వాళ్ళకంటే తక్కువ వచ్చింది.

డల్లాస్‌లో_దోసకాయ
మరి నా 118 సంగతేంటి? ఫ్యూజు కొట్టేస్తే గుండె కూడా చల్లబడాలి కదా.

సగం_సైకాలజీ
ఫొటో చూడటం వేరు, మేనేజర్ ఎదురుగా ఉండటం వేరు. గుండె, చెమట, మనకు తెలిసేది, ఈ మూడూ ఎప్పుడూ ఒకే మాట మీద ఉండవు. మీ వాచ్ ఒక కేసు, నిరూపణ కాదు. కానీ వాచ్ నంబరు ఎక్కువుండి ఆందోళన గడిలో 15 ఉంటే, "అలవాటు పడ్డారు" అనే ముందు ఎవరైనా ఒక్క క్షణం ఆగాలి.

ల్యాబుల్లో దీన్ని పనిగట్టుకుని చూసే పద్ధతి ఉంది. జర్మనీలోని ట్రియర్ యూనివర్సిటీలో 1993లో తయారైన ఒత్తిడి పరీక్ష. నవ్వని మొహాలతో కూర్చున్న ప్యానెల్ ముందు ఐదు నిమిషాలు మాట్లాడాలి, తర్వాత ఐదు నిమిషాలు 1022 నుంచి 13 చొప్పున గట్టిగా తీసేస్తూ పోవాలి, తప్పు చెప్తే మళ్ళీ మొదటికి. సోషల్ ఫోబియా (నలుగురిలో ఉండాలంటే విపరీతమైన భయం) ఉన్నవాళ్ళకి ఇది పెట్టి అయిన వెంటనే అడిగితే, లేనివాళ్ళ కంటే ఎక్కువమందికి ఇలాంటి అనుభవాలు వచ్చాయి. చిత్తుకాగితం గారూ, మీరు ఒక్కరే కాదు.

పాత_లెక్కల_మాస్టారు
1009, 996, 983, 970... ఇందులో ఒత్తిడి ఏముంది?

గోదారిగట్టు
మాస్టారూ మీరు ఆ పరీక్షలో ప్యానెల్ వైపు కూర్చోవాలి. నవ్వని మొహం మీకు ఎలాగూ ఉచితం.

వనజ_ఓరుగల్లు
స్టాఫ్ నర్సుని, కొన్నేళ్ళు మానసిక విభాగం ఓపీలో చేసిన. అందరూ స్కేలు గురించే మాట్లాడుతున్నారు, భాష గురించి ఎవరూ అనలేదు. ఇంగ్లీషు ప్రశ్నల్ని పక్కన కూర్చుని నోటితో తెలుగులో చెప్పి రాయించడం నా పనిగా ఉండేది. "మీ శరీరం మీది కాదనిపిస్తుందా" అని అడిగితే పొలం పని చేసొచ్చిన పెద్దామె "అవు బిడ్డా, సాయంత్రానికి ఒళ్ళు నాది గాదు" అంటది. అలసట! నేను టిక్ పెడితే ఆమెకు ఊరికే మార్కులు. "మీరు మీరు కానట్టు" అంటే ఇంకొకామె అమ్మవారు పూనడం గురించి చెప్పింది. "మత్తుగా ఉంటదా" అంటే అందరికీ అవుననే ఉంటది.

తెలుగులో ఒక చిన్న వరం ఉంది, "ట్టు", "లా". "బొమ్మలా అయిపోయినట్టు ఉంది" అన్నవాళ్ళకి అది పోలికేనని తెలుసు. "నేను బొమ్మనైపోయిన, నన్ను మార్చేసిన్రు" అంటే అది వేరే దారి, వెంటనే డాక్టరుకి చెప్పాలి. మా పాత డాక్టరు గారు పేషెంట్ మాటలో ఆ "ట్టు" కోసమే చెవి పెట్టి వినేవారు. చిత్తుకాగితం మొదటి పోస్టు చూడండి, ప్రతి లైనుకీ ఒక "ట్టు" ఉంది.

చిత్తుకాగితం
వనజక్కా, ఇప్పుడే వెనక్కి వెళ్ళి లెక్కపెట్టాను. "చెయ్యి ఎవరిదో" దగ్గర తప్ప అన్నిచోట్లా ఏదో ఒక పోలిక ఉంది. పిచ్చెక్కుతోందేమోనని ఏడాది నుంచి లోపల తినేస్తోంది. ఇది చదివి కాసేపు ఊరికే కూర్చున్నాను.

బావమరిది_బాధితుడు
ఒక్క మాట చెప్పి పోతా. మా బావమరిదికి కూడా "ఏదో కలలో ఉన్నట్టు" అనిపించేది, మేమూ టెన్షనే అనుకున్నాం. కానీ వాడికి ఇంట్లో తీరిగ్గా టీవీ చూస్తున్నప్పుడు కూడా వచ్చేది. ముందు ఏదో కాలిన వాసన, కడుపులోంచి పైకి ఏదో ఎగదన్నినట్టు, తర్వాత ఒక నిమిషం పిలిచినా పలికేవాడు కాదు, పెదాలు చప్పరించేవాడు. చివరికి న్యూరాలజిస్టు ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష) తీయిస్తే మూర్ఛ, మెదడు పక్క భాగం (టెంపొరల్ లోబ్) నుంచి వస్తోందన్నారు. ఇప్పుడు మాత్రల మీద బాగున్నాడు. కాబట్టి ఎంత అనే కాదు, ఎప్పుడు, ఎక్కడ, పిలిస్తే పలుకుతున్నారా అనేది కూడా రాసుకోండి.

సగం_సైకాలజీ
+1. గంజాయి తర్వాత మొదలయ్యేది కూడా చాలా చూస్తాం, కుర్రాళ్ళు ఇంట్లో చెప్పరు. అది కూడా దాచకుండా చెప్పాలి.

ఉప్పుచేప
నేను మొదట్లో తేలిగ్గా తీసేశాను, సారీ. ఒక డౌటు. స్టేజీ మీద ఉన్నప్పుడు అంకె ఎలా రాస్తారు? అయిపోయాక రాస్తే గుర్తుండదని ఆవిడే అంటున్నారు. మధ్యలో ఆపి "ఒక్క నిమిషం సార్, ఇప్పుడు నేను 70 శాతం లేను" అని చెప్పాలా?

గోదారిగట్టు
70 శాతం లేకుండా మా ఆఫీసులో అందరూ జీతం తీసుకుంటున్నారు.

డల్లాస్‌లో_దోసకాయ
స్లైడ్ నంబర్లు వాడండి. మీ కాపీలో మూడో స్లైడ్, ఎనిమిదో స్లైడ్ మూల చిన్న చుక్క పెట్టుకోండి. అక్కడికి రాగానే మనసులో ఒక అంకె అనుకుని, చేతిలో ఉన్న కాగితం మీద పెన్నుతో గీత పెట్టండి. చూసేవాళ్ళు నోట్స్ అనుకుంటారు. అదీ రెండుసార్లే, నాలా ఎనిమిది కాదు.

హరికథ_మనవడు
మాకు తబలా అతను ఉంటాడు, నా మొహం చూసి వాడికే తెలిసిపోతుంది. మీకు ముందు వరుసలో ఒక స్నేహితురాలు లేదా?

చిత్తుకాగితం
ఉంది, రూమ్మేట్. కానీ బయటికి నాలో ఏ తేడా కనిపించదంటుంది. గైడ్‌కి ధైర్యంగా కనిపించింది అందుకే కదా.

మీరందరూ చెప్పింది కలిపి ఒక కాగితం గీసుకున్నాను. స్కేలు అనను, మాస్టారు కొడతారు. ఆందోళన ఒక గడి. "దూరం" ఇంకో గడి (నా నుంచి నేను ఎంత దూరంలో ఉన్నానో, నాకు ఆ మాటే సరిపోయింది). ముందు, మూడో స్లైడ్, ఎనిమిదో స్లైడ్, అయిన పది నిమిషాలకి, రాత్రి పడుకునే ముందు. పక్కన ఇబ్బంది ఎంత, తిరిగి మామూలు అవడానికి ఎంతసేపు. వచ్చే వారం డిపార్ట్‌మెంట్‌లో ప్రీ-సబ్మిషన్ సెమినార్. అప్పటిదాకా కొలవను, ఒట్టు.

వనజ_ఓరుగల్లు
"దూరం" మంచి మాట. మా పెద్దామెకు కూడా అర్థమైతది. మధ్యలో ఎప్పుడైనా భరించలేనట్టు అనిపిస్తే ప్రభుత్వ మానసిక సహాయ లైను టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యి, తెలుగులోనే మాట్లాడతరు.

చిత్తుకాగితం
(తొమ్మిది రోజుల తర్వాత) అయిపోయింది. అంకెలు ఇవి.

ముందు: ఆందోళన 85, దూరం 10.
మూడో స్లైడ్: ఆందోళన 20, దూరం 80.
ఎనిమిదో స్లైడ్: ఆందోళన 45, దూరం 50.
పది నిమిషాలకి: 50, 40.
రాత్రి: 20, 5.

ఎనిమిదో స్లైడ్ దగ్గర ఎక్స్‌టర్నల్ ఒకాయన మధ్యలో ఆపి ఒక మొక్క పేరు తప్పు రాశానన్నారు. నిజంగానే తప్పు. చాలా కోపం వచ్చింది, సిగ్గేసింది, ఆ కోపంలో నా గొంతు వరండాలోంచి కాకుండా నా మెడలోంచే వచ్చింది. ఆందోళన పెరిగినచోటే దూరం తగ్గింది, చూశారా.

కాగితం పట్టుకెళ్ళి కౌన్సెలర్‌కి చూపించాను. ఆవిడ చాలాసేపు చూసి, పాత కాగితం తీసి 15 చుట్టూ సున్నా చుట్టి, "ఇది నేను తప్పుగా చదివాను" అన్నారు. అలా అంటారనుకోలేదు. ఇకనుంచి ఆందోళన తగ్గిందా అని కాదు, దూరం తగ్గిందా అని ముందు చూద్దామన్నారు. ఆవిడ ఎదురుగానే గోడ మీద చుక్కని మూడు నిమిషాలు రెప్ప వేయకుండా చూడమన్నారు, కావాలనే ఆ స్థితి తెప్పించి, వచ్చినా ఏమీ కాదని అలవాటు చేయడానికట. రెండో నిమిషానికి గోడ అట్టముక్కలా అయిపోయింది. దూరం 65. ఆవిడ పక్కనే ఉన్నారు కాబట్టి ఇబ్బంది 20.

సగం_సైకాలజీ
ఇంట్లో ఒంటరిగా ఆ చుక్క ప్రయోగం ఎవరూ మొదలుపెట్టకండి, ముఖ్యంగా @డల్లాస్‌లో_దోసకాయ.

డల్లాస్‌లో_దోసకాయ
ఆల్రెడీ చూస్తున్నా. 1 నిమిషం 40.

పాత_లెక్కల_మాస్టారు
మూడో స్లైడ్‌లో రెండూ కలిపితే 100, ఎనిమిదో స్లైడ్‌లో 95, ముందు 95, పది నిమిషాలకి 90. రాత్రి మాత్రం 25. ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గుతోంది అనడానికి ఐదు బిందువులు చాలవు. అయినా కాగితం దాచిపెట్టమ్మా, ఇంకో రెండు సెమినార్లయ్యాక గ్రాఫు నేను గీస్తాను.

చిత్తుకాగితం
అలాగే మాస్టారూ. వైవా నవంబర్‌లో.

గోదారిగట్టు
ఆ మొక్క పేరేంటో ఎవరూ అడగలేదు.